ధర ముందు ఫోన్లోకి వస్తోంది, జాగ్రత్త

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మన హార్స్లీ హిల్స్‌కి పెద్దోళ్ళు చెప్పే పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా చేసిన హార్స్లీ దొర పేరు తర్వాత వచ్చింది. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలోనే ఉండేది, చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. ఆ కొండెక్కితే చుట్టూ ఊర్లన్నీ కనిపిస్తాయి. మన టమోటా ధర మాత్రం ఏ కొండెక్కినా కనిపించేది కాదు. బాక్సులు బండికెక్కించి పంపితే, మండీ నుంచి చీటీ వచ్చినాకే తెలిసేది మనకు మిగిలిందో, పోయిందో.

సమాచారం మన దాకా ఎలా వచ్చిందో చూడండి. 1969లో అన్నదాత పత్రిక మొదలైంది. రేడియోలో వ్యవసాయ కార్యక్రమాలు విన్నాం. దేశంలో తొలి సెల్ ఫోన్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి పోయింది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితం అయినాకే సెల్లు పల్లెకొచ్చింది. 2004లో 1551 నంబరుతో కిసాన్ కాల్ సెంటర్ పెట్టారు. ఇవన్నీ మేలు చేసినవే. అయితే పత్రికలో, రేడియోలో వాళ్ళు చెప్తే మనం వినాలి. ఫోన్లో ఒకరితో ఒకరే మాట్లాడాలి.

ఫేస్‌బుక్ 2004లోనే పుట్టింది. కానీ అది కంప్యూటర్లో ఉన్నంత కాలం మనకేం పని? 2009లో వాట్సాప్ యాప్ వచ్చింది. 2014లో దాన్ని ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు కొనేసింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకయింది. అప్పటి నుంచి యాప్ మన చేనుగట్టు మీదికొచ్చింది. చదువు రానోడు కూడా వాయిస్ మెసేజ్ పెడతాడు. ఆకు మీద మచ్చ వస్తే ఫోటో తీసి నలుగురినీ అడుగుతాం. కోలారులో, మదనపల్లెలో, పలమనేరులో రేటెంతో కోతకు ముందే తెలుసుకుంటాం.

ఇదే యాప్ 2018లో ఏం చేసిందో కూడా గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని పుకార్లు పాకాయి. దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది.

మన టమోటాకీ అదే ముప్పు. 2023 జూలైలో కిలో వంద దాటింది, సెప్టెంబరుకల్లా కుప్పకూలింది. ఆ తర్వాత ఒకరోజు ఎవరో పంపిన రేట్ల ఫోటో నేను మా ఊరి గ్రూపులో పెట్టినా. అది పాత జూలై ఫోటో, తేదీ చూసుకోలేదు. దాన్ని నమ్మి ఇద్దరు మా పక్కోళ్ళు దోర కాయలే కోయించినారు. వాళ్ళకి కూలీ, బాడిగ కూడా రాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అనింటేనే బాగుండేది.

అందుకే ఒక మాట. రేటు పెట్టేటప్పుడు ఏ మార్కెట్టు, ఏ తేదీ, ఏ రకం కాయ, బాక్సు ఎన్ని కిలోలు అనేది రాయండి. మీ సొంత చీటీ అయితే ఇంకా మంచిది. ఎవరో పంపింది అయితే, మార్కెట్లో ఉన్నోళ్ళకి ఒక ఫోన్ కొట్టి కనుక్కున్నాకే పెట్టండి. యాప్ మోసేది మన మాటనే. ఆ మాట నమ్మి కత్తెర పట్టేది మన పక్క చేను రైతే.