కాలు తీసెయ్యడం నుంచి కీలు నిలపడం దాకా

కుక్క కాలికి పిండికట్టు వెయ్యడం ఒక పనైతే, అది కొరికి పీకకుండా కాపాడడం ఇంకో పెద్ద పని. 1930ల్లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒట్టో స్టేడర్ అనే పశువైద్యుడు విరిగిన ఎముకలోకి చర్మం మీదుగా పిన్నులు దింపి, వాటిని బయట ఒక కడ్డీకి బిగించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం అదే పరికరాన్ని గాయపడిన సైనికులకు వాడింది. కుక్కల వైద్యం మనుషులకు అక్కరకొచ్చిన అరుదైన సందర్భమిది.

ఢిల్లీ లాంటి నగరానికి ఈ పద్ధతి మరీ ముఖ్యం. బండి చక్రం ఈడ్చుకుపోయిన వీధికుక్కకు తరచూ దెబ్బతినేది చీలమండ లోపలి వైపు. అక్కడ కండ ఉండదు, చర్మం కిందే ఎముక. తారురోడ్డు రాపిడికి చర్మం లేచిపోతుంది, లిగమెంటు తెగుతుంది, ఎముక అరుగుతుంది, మట్టీ కంకరా కీల్లోకి దూరతాయి. అలాంటి పుండును పిండికట్టుతో మూసేస్తే చీము పడుతుంది. కీలుకు పైనా కిందా పిన్నులు వేసి బయట బిగిస్తే కీలు కదలదు, పుండును రోజూ కడగొచ్చు. క్రమంగా పెరిగిన గట్టి మచ్చే తెగిన లిగమెంటు పని చాలావరకు చేస్తుంది. కాలు తీసెయ్యక తప్పదనుకున్న ఎన్నో కేసులకు దారి దొరికింది ఇక్కడే.

1969లో స్విట్జర్లాండులో ఏర్పడ్డ ఏవో వెట్ అనే సంస్థ ప్లేట్లు, స్క్రూల వాడకాన్ని పశువైద్యులకు క్రమపద్ధతిలో నేర్పింది. పందెపు గ్రేహౌండ్లు కూడా చాలా నేర్పాయి. ఎప్పుడూ ఎడమకే మలుపు తిరిగే బాటలో వాటి కుడి చీలమండలోని ఒక చిన్న ఎముక విరిగేది. 1976లో జాన్ డీ అనే పశువైద్యుడు ఆ విరుగుళ్లను ఐదు రకాలుగా విడదీశాడు.

బాగుచెయ్యలేని చీలమండ కీలును అతికించెయ్యడం ఆఖరి మార్గం. మృదులాస్థి గీకేసి, ప్లేటుతో కుక్కకు 135–145, పిల్లికి 115–125 డిగ్రీల కోణంలో బిగిస్తారు. కీలు ఇక వంగకపోయినా ఆ జంతువులు నొప్పి లేకుండా నడుస్తాయి.

ఢిల్లీలో దెబ్బతిన్న వీధి జంతువులకు 1979లో మొదలైన ఫ్రెండికోస్ సంస్థ, 1980లో మొదలైన సంజయ్ గాంధీ యానిమల్ కేర్ సెంటర్ చోటిచ్చాయి. బరేలీ దగ్గరి ఇజ్జత్‌నగర్‌లో ఉన్న భారత పశువైద్య పరిశోధన సంస్థ, ఖరీదైన లోహపు క్లాంపుల బదులు ఎపాక్సీ ముద్దతో పిన్నులను కలిపే చౌక పద్ధతిని అభివృద్ధి చేసింది. మన దేశపు వీధికుక్కకు ఇంతకంటే పనికొచ్చే ఆవిష్కరణ మరొకటి లేదనిపిస్తుంది.

శస్త్రచికిత్స తర్వాత వారాల తరబడి పిన్నుల చుట్టూ శుభ్రం చెయ్యాలి, పరుగెత్తనివ్వకూడదు. వీధికుక్కకు ఆ సేవ చేసే మనిషి కావాలి. దెబ్బతిన్న కుక్క కనిపిస్తే నూనె రాసి మర్దన చెయ్యకండి, శుభ్రమైన గుడ్డ చుట్టి అదే రోజు ఆసుపత్రికి చేర్చండి.