నెత్తుటిలో నాలుగు పీటలు

ఇంకాస్త వెనక్కి జరగండర్రా, నిప్పురవ్వలు పడతాయి. దయ్యాల కథలు కావాలంటే మీ నాయనమ్మని అడగండి. నేను మెడికల్ కాలేజీలో నెత్తురు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, నా దగ్గరుండే పాత ముచ్చట్లన్నీ నెత్తుటివే.

1904 నాటి మాట. కోపెన్‌హాగెన్‌లో క్రిస్టియన్ బోర్ అని ఒక ప్రొఫెసరు. మీ పుస్తకంలో పరమాణువు పాఠంలో నీల్స్ బోర్ ఉన్నాడే, ఆయన తండ్రి. ఈయన నెత్తురుకి ఆక్సిజన్ కొంచెం కొంచెం పెంచుతూ, అది ఎంత పట్టుకుంటోందో కొలిచి గీత గీశాడు. ఆ గీత మొదట్లో బద్ధకంగా పాకింది, నడుమ నిటారుగా లేచింది, పైకెళ్ళి మళ్ళీ చదునైపోయింది. ఎందుకలా వంకర తిరిగిందో ఎవరికీ అంతుపట్టలేదు.

1925లో కేంబ్రిడ్జ్‌లో అడైర్ అనే ఆయన ఓపిగ్గా కొలిచి తేల్చాడు, నెత్తుట్లో ఆక్సిజన్‌ని పట్టుకునే హిమోగ్లోబిన్ ఒక్కో అణువులో ఇనుము నాలుగు చోట్ల ఉందని. అంటే ఆక్సిజన్‌కి నాలుగు పీటలన్నమాట. బంతిలో ముందు కూర్చోడానికి అందరూ మొహమాటపడతారు చూడండి, ఒకడు కూర్చున్నాక మిగతావాళ్ళు చకచకా సర్దుకుంటారు. ఇక్కడా అంతే, బోర్ గీత వంకరకి కారణం అదే. ఊపిరితిత్తుల దగ్గర నాలుగూ గబగబా నిండుతాయి. ఆక్సిజన్ తక్కువున్న కండరాల్లోకి వెళ్ళాక ఒకటి లేస్తే తక్కినవీ తేలిగ్గా లేస్తాయి.

సరే, ఒక పీట నిండిన సంగతి దూరంగా ఉన్న ఇంకో పీటకి ఎలా తెలుస్తుంది? నాకు బాగా ఇష్టమైన ముచ్చట ఇక్కడే ఉంది. 1938లో హౌరోవిట్స్ అనే ఆయన ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ స్ఫటికాల్ని మైక్రోస్కోపు కింద చూస్తున్నాడు. ఊదారంగు ఆరుపలకల బిళ్ళలు. గాజుపలక అంచునుంచి గాలి చొరబడింది. బిళ్ళలు చెదిరిపోయి, వాటి చోట ఎర్రటి సూదులు పుట్టుకొచ్చాయి! ఆక్సిజన్ తగిలితే అణువు ఆకారమే మారిపోతోందన్నమాట. ఇంత పెద్ద సాక్ష్యం ఇలా కళ్ళెదుటే కనబడడం సైన్సులో అరుదు.

ఆయన భార్య తరఫు చుట్టం మాక్స్ పెరుట్జ్, వియన్నావాడు. కేంబ్రిడ్జ్‌లో 1937లో హిమోగ్లోబిన్ పట్టుకున్నాడు. నడుమ యుద్ధమొచ్చి, శత్రుదేశంవాడని నిర్బంధించి కెనడాకి పంపారు. అయినా విడిచిపెట్టలేదు. ఆకారం తేలేసరికి 1959 అయింది, 1962లో నోబెల్ వచ్చింది. అణువుకి బిగిసిన రూపమొకటి, సడలిన రూపమొకటి ఉంటాయని 1965లో మోనో, వైమన్, షాంజో అన్నారు. అసలు మీట ఎక్కడుందో 1970లో పెరుట్జే చూపించాడు. ఆక్సిజన్ చేరగానే ఇనుము రవ్వంత జరిగి, పక్కనున్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని లాగుతుంది. ఆ లాగుడుకి అణువులోని నాలుగు ముక్కల్నీ బిగించి ఉంచిన బంధాలు తెగి, అణువు సడలిన రూపానికి మారుతుంది.

ఇది పుస్తకాల గొడవ అనుకునేరు. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. ఆ పీటలకి ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకునే రకం. రక్తహీనతతో హిమోగ్లోబిన్ సగానికి పడిపోయినవాళ్ళు ఆయాసపడుతూనైనా పనులు చేసుకుంటారు. ఆ వాయువు సగం పీటలు ఆక్రమిస్తే మాత్రం మనిషి ప్రాణం మీదికొస్తుంది. రెండు పీటల మీద అది తిష్ట వేసేసరికి అణువు సడలిన రూపంలోనే ఉండిపోతుంది, ఆ రూపానికి పట్టు ఎక్కువ. మిగతా రెండిటి మీదా ఆక్సిజన్ ఉన్నా, కండరానికీ మెదడుకీ దాన్ని వదలదు.