గోడల బరువు, భూమి లెక్క

1993 సెప్టెంబర్ 30, తెల్లారకముందు. మరాఠ్వాడాలోని కిల్లారి చుట్టుపక్కల ఊళ్ళు కూలినయి. 1956 దాకా ఈ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలోదే. వేలమంది చనిపోయిన్రు. అంతా ప్రకృతి వైపరీత్యం ఖాతాలో రాసి చేతులు దులుపుకున్నరు. మేము ఆ లెక్కను ఒప్పుకోము.

నల్లరేగడి తడికి ఉబ్బుతది, ఎండకు నెర్రెలిస్తది. ఆ నేల మీద మట్టి అడుసుతో పేర్చిన మందపాటి రాతిగోడలు. గోడ లోపలి వరసనూ బయటి వరసనూ కలిపే పొడుగు రాళ్ళు లేవు. పైన దూలాల మీద మట్టి పరిచిన కప్పు. బరువు ఎంత ఎక్కువైతే కుదుపు అంత గట్టిగా తగులుతది. గోడ మందమే ఇంటికి రక్షణ, హోదా. ఆ హోదాయే మీద పడింది. తేలికైన గడ్డి గుడిసెలు నయంగా తట్టుకున్నయి. అంతమాత్రాన రాయి కొనలేని లేమిని వాడ అదృష్టమని ఎవరూ పొగడొద్దు.

తర్వాత పునరావాసం. ఇంజనీర్లు భూకంపాన్ని తట్టుకునే ఇళ్ళు గీసిన్రు. తరలించిన ఊళ్ళల్ల ఇంటి కొలతకు ఆధారం ఏమిటి? ఇంట్లో ఉన్న మనుషులు కారు, భూమి. భూమిలేనోళ్ళకు, ఒక హెక్టారు లోపు ఉన్నోళ్ళకు 250 చదరపు అడుగులు. 1 నుంచి 7 హెక్టార్ల దాకా 400. ఆపైన 750. భూమి ఎవరికి దక్కాలో కులం తేల్చిన చోట ఇది కులం కొలత కాదా? ఊరు జాగ మారింది. పాత తేడాను కొత్త పునాదిలో పోసిన్రు.

మట్టిని చదివేవాళ్ళు, గోడను చదివేవాళ్ళు, సమాజాన్ని చదివేవాళ్ళు వేరువేరు గదుల్లో కూసుంటే ఈ గీత కనపడదు. గోడలో ఇనుము ఎంత ఉండాలె అని అడిగే శాస్త్రం, అడుగులు ఎవరికి ఎన్ని అనే ప్రశ్ననూ తనదిగా తీసుకోవాలె.