అన్వేషణాత్మక అభ్యసనం – వృత్తి మార్గాలు

ప్రశ్న వేసుకోవడం, ఆధారాలు సేకరించడం, ప్రయోగంతో పరీక్షించడం, ఫలితాన్ని వివరించడం అనే క్రమంలో సాగే చదువును అన్వేషణాత్మక అభ్యసనం అంటారు. తెలంగాణ ఉన్నత పాఠశాలల్లో దీనికి ప్రాజెక్టు పనులు ప్రధాన వేదిక. 2014-15లో పదో తరగతికి వచ్చిన నిరంతర సమగ్ర మూల్యాంకనంలో 20 అంతర్గత మార్కులు కేటాయించగా, ప్రాజెక్టులు వాటిలో భాగమయ్యాయి. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్, ఎంపికైన ఆలోచనకు నమూనా తయారీ కోసం 10,000 రూపాయలిచ్చే ఇన్‌స్పైర్ మనక్ పథకం ఈ అభ్యసనానికి తోడ్పడుతున్నాయి.

పూర్వపు నల్లగొండ జిల్లాలో ఉండి, 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన మోత్కూర్ వంటి ప్రాంతాల్లో అన్వేషణకు వస్తువు ఊళ్లోనే దొరుకుతుంది. బోరునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో పరీక్షించి, పటిక, సున్నంతో దాన్ని తగ్గించే 'నల్లగొండ పద్ధతి'ని ప్రయోగించి చూడవచ్చు. ఈ పద్ధతిని రూపొందించింది నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి). ఇటువంటి పని నీటి పరీక్ష, ప్రజారోగ్యం, పర్యావరణ ఇంజనీరింగ్ వృత్తులను పరిచయం చేస్తుంది.

బడి బయటి అన్వేషణకు ఉదాహరణ ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. చేనేతలో దారం చుట్టే ఆసు పనికి యంత్రాన్ని రూపొందించిన ఆయనకు 2017లో పద్మశ్రీ లభించింది.

పదో తరగతి తర్వాత పాలిసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా చేరే పాలిటెక్నిక్‌తో పాటు ఐటీఐ, ఇంటర్మీడియట్, బాసర ట్రిపుల్ ఐటీ ప్రధాన దారులు. తాను చేసిన ప్రాజెక్టులో ఏ పని నచ్చిందో గమనించిన విద్యార్థికి వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడం సులువవుతుంది.