నెక్సానా, బ్రెజానా? నక్కపల్లి లెక్క

మా నక్కపల్లి సెంటర్లో కారు మాటొస్తే రెండే పార్టీలు. ఒకటి టాటా, ఇంకోటి మారుతీ. "టాటా అంటే ఇనుము మావా, మారుతీ అంటే అగ్గిపెట్టె" అంటాడొకడు. "నీ ఇనుము షెడ్డులో ఉంటాది, మా అగ్గిపెట్టె రోడ్డు మీద ఉంటాది" అంటాడు ఇంకొకడు. ఎలక్షన్లప్పుడు కూడా ఇంత పంతం చూడలేదు. ఇప్పుడీ మాట ఎందుకెత్తానంటే, బల్క్ డ్రగ్ పార్కుకి భూములిచ్చిన ఇళ్లలో, ఫార్మా ఉద్యోగాల్లో కుదురుకున్న కుర్రోళ్ల ఇళ్లలో కారు ఆలోచన గట్టిగా నడుస్తోంది. భూమి పోయి వచ్చిన డబ్బు రెండోసారి రాదు. అందులో పది పన్నెండు లక్షలు తీసి కారు మీద పెట్టేటప్పుడు పక్కింటోడి మాట కాదు, లెక్క చూడాల.

ముందు ప్రాణం సంగతి. మనది పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఊరు. రాత్రిపూట పక్కన ఆగిన లారీలు, రాంగ్ రూట్లో వచ్చే బైకులు, మధ్యలో దాటే గేదెలు, అన్నీ మనకి తెలిసినవే. 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ గుద్దుడు పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న మొదటి ఇండియా కారు నెక్సాన్. అదే ఏడాది బ్రెజాకి నాలుగొచ్చాయి. తర్వాత పరీక్ష కఠినం చేశారు. దానిలోనూ 2024 ఫిబ్రవరిలో కొత్త నెక్సాన్‌కి పెద్దల విషయంలో, పిల్లల విషయంలో ఐదేసి వచ్చాయి. బ్రెజా 2022లో మోడల్ మారింది, కాబట్టి ఆ పాత నాలుగు నక్షత్రాల్ని కొత్త బండికి అంటగట్టి అమ్మే సేల్స్ కుర్రాడి మాట నమ్మొద్దు. అలాగని మారుతీ అంతా రేకు డబ్బాలే అనడం కూడా పాత పాటే. 2024 నవంబరులో ఆ కంపెనీ డిజైర్‌కి ఐదు నక్షత్రాలు వచ్చాయి. ఇంకో మాట. ఆ పరీక్షలో ఎదురుగా గుద్దించేది గంటకి 64 కిలోమీటర్ల వేగంతో. మనోళ్లు హైవే ఎక్కితే ఎంత తొక్కుతారో నేను చెప్పాలా? వెనక సీట్లో బెల్టు పెట్టుకోనోడికి ఏ నక్షత్రమూ అక్కరకి రాదు.

ఇహ డబ్బు. చాలామంది పట్టించుకోనిది ఇక్కడుంది. రెండు బళ్ల పొడుగూ ఒకటే, 3,995 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లు దాటకూడదని అలా కొలిచి చేస్తారు, పన్ను కోసం. అయితే పొడుగొక్కటే చాలదు, ఇంజనూ చిన్నదవ్వాలి. పెట్రోలు, సీఎన్జీ అయితే 1,200 సీసీ లోపు, డీజిలు అయితే 1,500 లోపు. నెక్సాన్ పెట్రోలు 1,199 సీసీ, బ్రెజా 1,462. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారాక మొదటిదానికి 18 శాతం, రెండోదానికి 40 శాతం. పన్ను లేని ధర ఎనిమిది లక్షలనుకోండి, ఒకదాని మీద లక్షా 44 వేలు పన్ను, ఇంకోదాని మీద 3 లక్షల 20 వేలు. తేడా లక్షా 76 వేలు. బ్రెజా ధరలో అంత వాటా బండికి కాదు, సర్కారుకి పోతాది.

మరి ఆ పెద్ద ఇంజనేటికి? ఉపయోగం ఉంది. బ్రెజాది నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. నున్నగా నడుస్తాది, పాడయ్యే సరంజామా తక్కువ. తునిలోనో నర్సీపట్నంలోనో చీకటి పడ్డాక బండి ఆగితే మారుతీ తెలిసిన మెకానిక్ తొందరగా దొరుకుతాడు. నెక్సాన్‌ది మూడు సిలిండర్ల టర్బో. లంబసింగి ఘాటు ఎక్కేటప్పుడు దాని బలం తెలుస్తాది. కానీ ఆయిల్ మార్చే తేదీ దాటించకూడదు, చవక ఆయిల్ పొయ్యకూడదు.

డీజిలు నెక్సాన్‌లో ఉంది, బ్రెజాలో 2020లోనే ఆపేశారు. అడ్డరోడ్డు దాకా, ఉపమాక గుడి దాకా తిరగడానికి మాత్రం డీజిలు కొనకండి. బీఎస్ సిక్స్ డీజిలు బండికి పొగ మసిని పట్టే ఫిల్టరుంటాది. బండి హైవే మీద కాసేపు వేడిగా నడిస్తేనే ఆ మసి కాలిపోతాది. రోజూ రెండేసి కిలోమీటర్లు తిప్పితే ఫిల్టరు పూడుకుపోయి లైటు వెలుగుతాది, ఖర్చు మొదలవుతాది.

సీఎన్జీ రెండిట్లోనూ ఉంది. 2023లో వచ్చిన బ్రెజా సీఎన్జీలో డిక్కీని సిలిండరు మింగేస్తాది. నెక్సాన్‌లో రెండు చిన్న సిలిండర్లు అడుగున పెట్టారు గనక సామాను పడతాది. పండక్కి అత్తారింటికి ఎల్లేటోళ్లకి ఇది చిన్న విషయం కాదు.

నా మటుకు నేను చెప్పేది: ఇంట్లో ముసలోళ్లు, పిల్లలు ఉండి విశాఖ దాకా తరచూ హైవే మీద పోయే ఇంటికి నెక్సాన్ పెట్రోలు. తిరుగుడు తక్కువై, పదేళ్లు బండి జోలికి పోకుండా వాడుకుందామంటే బ్రెజా, అదీ ఆ పన్ను తేడా కళ్లారా చూసి ఒప్పుకున్నాకే. సన్‌రూఫ్ కోసం పైమోడల్‌కి పోయి అప్పు పెంచుకోవడం మాత్రం మన ఎండలకి శుద్ధ దండగ.

బండి ఏదైనా వేంపాడు టోల్ గేటు తప్పదు. 20 కిలోమీటర్ల లోపు ఉన్నోళ్ల సొంత బళ్లకి నెలవారీ పాసు ఇస్తారు, దాని రేటు ఏటా మారుతుంది గనక అక్కడే అడగండి. ఇంకోటి ఫాస్టాగ్ ఏడాది పాసు. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు 3,000 రూపాయలకి 200 దాట్లు. ఈ గేటొక్కటే దాటేవాళ్లకి నెల పాసు, విశాఖా రాజమండ్రీ రెండేపులా తిరిగేవాళ్లకి ఏడాది పాసు కలిసొస్తాది.