గజ్జె కట్టిన రబ్బరు పాదం

1984 జనవరి 28. బొంబాయిలో సౌత్ ఇండియా వెల్ఫేర్ సొసైటీ హాలు. తెర వెనక ఒక అమ్మాయి గజ్జెలు కట్టుకుంటోంది. ఒక కాలికి చుట్టినప్పుడు పట్టీ బిగువు ఒంటికి తెలిసింది. రెండో కాలికి ఎంత బిగించినా తెలియలేదు. అది చేసిపెట్టిన కాలు. ఆ పూట ఆమె ఒంటరిగా ఆడటం లేదు, పక్కన మరో నర్తకి ఉంది.

ఆమె సుధాచంద్రన్. తెలుగువాళ్లకు ‘మయూరి’.

1981 మే నెలలో తల్లిదండ్రులతో ప్రయాణిస్తుండగా తమిళనాడులో బస్సు ప్రమాదం జరిగింది. గాయం పైకి చిన్నది, లోపల కుళ్లింది. మోకాలి కింద కాలు తీసేశారు. ఆ ఏడే ‘జైపూర్ పాదం’ అనే పెట్టుడు పాదం చేసిన డాక్టర్ పి.కె. సేథీకి మెగసెసే అవార్డు వచ్చింది. ఆ కబురు పత్రికలో చదివి ఆమె జైపూర్ దారి పట్టింది.

జైపూర్ పాదం గురించి కాస్త చెప్పాలి. రామచంద్ర శర్మ అనే చేతిపనివాడి నేర్పు, సేథీ వైద్యం కలిస్తే 1960ల చివర్లో పుట్టింది. అంతకుముందున్న విదేశీ నమూనా కాళ్లు బూటులో దూర్చుకోవడానికి చేసినవి. మన రైతుకు బూటెక్కడిది? ఈ రబ్బరు పాదంతో గొంతుక్కూర్చోవచ్చు, ఒట్టి కాళ్లతో గట్టు మీద నడవొచ్చు.

సుధకు నడక వచ్చింది. నాట్యం మాత్రం పట్టుబడలేదు. సాధన చేస్తుంటే తెగిన చోట ఒరుసుకుని నెత్తురు కారేది. అప్పుడు సేథీ ఇక చాలమ్మా అనలేదు. ఆమెను ఆడమని, కూర్చుని చూశాడు. నాట్యంలో అడవు (అడుగు) వేసేటప్పుడు పాదం ఎటు తిరగాలి, బరువు ఎక్కడ పడాలి అని గమనించి, ఆ తిరుగుడుకు వీలుగా కాలిని మార్చి చేయించాడు. ఈ కథ చెప్పుకునేవాళ్లంతా ఆమె పట్టుదలను పొగుడుతారు. పొగడాల్సిందే. నాకు మాత్రం అలా కూర్చుని చూసిన డాక్టరే ఎక్కువ గుర్తొస్తాడు.

బొంబాయి ప్రదర్శన జరిగిన మరుసటేడు రామోజీరావు నిర్మాణంలో, సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో ‘మయూరి’ వచ్చింది. తన కథలో తనే నటించింది సుధ. ఆ సినిమాకు 14 నందులు వచ్చాయి.

ఇక మా దర్శి ప్రాంతం సంగతి. మిరపకోతలు తెమిలే రోజుల్లో ఈ చుట్టుపక్కల రామాలయాల ముందు రాత్రిళ్లు కోలాటం సాగుతుంది. గురువు ఈల వేస్తే అడుగు మారుతుంది. అరుగు మీద ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో మిగిలిపోతారు. పోలియో కాలు మనిషి, మోకాళ్లు పట్టేసిన పెద్దమ్మ, చెవుడున్న పిల్ల. చప్పట్లు కొట్టమంటాం, అక్కడితో మన దయ సరి.

సేథీలాగా కాసేపు కూర్చుని చూస్తే కోలాటంలోనే దారి కనిపిస్తుంది. రెండు వరసల ఆటలో లోపలి వరస కదలకుండా నిలబడి, బయటి వరస ఒక్కో జోడీ దాటుకుంటూ తిరగొచ్చు. లోపలి వరసలో చక్రాల కుర్చీ వేస్తే ఆట ఎక్కడా తెగదు. బయటివాళ్లు ఆ చోటికి రాగానే కోలను కిందికి దించి కొట్టడం ముందే సాధన చేయాలి. కుర్చీని మాత్రం అడక్కుండా ఎవరూ తోయకూడదు, అది ఆ మనిషి ఒళ్లు లాంటిది. చెవుడున్న పిల్లకు ఈల వినపడదు. గురువు ఈలతోపాటు కోల పైకెత్తాలి, ఆ పిల్లకు ఎదురుగా నిలబడి ఎత్తాలి. చూపులేనివాళ్లకు జోడీ ప్రతిసారీ ఒకే చోట నిలబడి శబ్దం చేస్తే చాలు.

అమెరికాలోని బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నృత్య బృందం 2001 నుంచి పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవాళ్లకు నాట్యం నేర్పుతోంది. అక్కడ తరగతి కుర్చీల్లోనే మొదలవుతుంది, అందరికీ కుర్చీలే. మన దగ్గరా మొదటి పావుగంట అందరూ కూర్చుని కోలలు కొడితే, తర్వాత లేవలేని పెద్దమ్మ వేరుగా కనిపించదు. లేచినవాళ్లు లేస్తారు.

జడకోలాటం దగ్గరే చిక్కు. తాళ్లు అల్లుతూ తిరగాలి, ఒక్కరు తప్పినా జడ ముడిపడుతుంది. కుర్చీ తిరగాలంటే తాళ్ల పొడవు పెంచాలి, నేల చదును చేయాలి, దరువు సగానికి తగ్గించాలి. డోలక్ వాయించే ఆయన గొణుగుతాడు. గొణగనీండి.