ముద్ర ఒక అమానతు

సర్వస్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి శుభాలు వర్షించుగాక!



హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా ఒడంబడిక జరిగింది. ఆ తరువాత దైవప్రవక్త (స) రాజులను ఇస్లాం వైపునకు ఆహ్వానిస్తూ లేఖలు వ్రాయించ సంకల్పించారు. ముద్ర లేని లేఖను రోమనులు చదవరని కొందరు విన్నవించారు. అప్పుడు ఆయన వెండి ఉంగరం చేయించి, దానిపై ‘ముహమ్మద్’, ‘రసూల్’, ‘అల్లాహ్’ అని మూడు పంక్తులలో చెక్కించారు. అటువంటి అక్షరాలను మరెవ్వరూ చెక్కించుకోరాదని వారించారు. అది అలంకారం కాదు, అమానతు.

ఆయన తదనంతరం ఆ ఉంగరం హజ్రత్ అబూబక్ర్, హజ్రత్ ఉమర్, హజ్రత్ ఉస్మాన్ (ర)లకు సంక్రమించింది. హజ్రత్ ఉస్మాన్ (ర) చేతి నుండి అది మదీనాలోని అరీస్ బావిలో పడిపోయింది. నీరంతా తోడించి మూడు దినాలు వెదికినా దొరకలేదు. ఎండిన బావుల సీమలో బ్రతికే మనకు, బావి తోడించడమంటే ఏమిటో తెలుసు.

తరువాతి శతాబ్దాలలో ఖాజీలు, మంత్రులు తమ ముద్రలపై సాధారణంగా బొమ్మలు కాక అక్షరాలే చెక్కించారు. చాలామంది తమ పేరుతోపాటు ‘అబ్దుహు’, అనగా ‘ఆయన దాసుడు’ అని చేర్చుకున్నారు.

మన సీమనే చూడండి. 1565 తళ్ళికోట యుద్ధం తరువాత పెనుకొండ రాజధాని అయింది. ఆ విజయనగర రాజుల రాగిశాసనాల ముద్రపై వరాహం, సూర్యచంద్రులు ఉండేవి. దానం ఆచంద్రార్కం నిలవాలని దాని భావం. ఎన్నో శాసనాల చివర రాజు తన పేరుకు బదులు ‘శ్రీ విరూపాక్ష’ అని వ్రాసేవాడు. వారి విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. అయినా ముద్ర వేసే చేతిని పైనుండి చూసేవాడు ఉన్నాడని ఉభయులూ ఎరిగినవారే.

సోదరులారా! నేడు ఆ ముద్ర స్థానంలో మన సంతకం, మన వేలిముద్ర ఉన్నాయి. తండ్రి మరణించగానే, చదువురాని చెల్లెలి వేలికి సిరా పూసి, ఆమె వాటాను వదులుకున్నట్లు కాగితం సృష్టించే అన్నలు మనలో లేరా? ‘కరవు నేల, అందులో వాటా ఏమిటి?’ అంటారు. అన్నిసా సూరాలో అల్లాహ్ నిర్ణయించిన వాటా, ఆస్తి కొద్దిదైనా పెద్దదైనా, చెల్లుతుంది.

ప్రళయదినాన నోళ్ళకు ముద్ర వేయబడుతుందనీ, చేతులు మాట్లాడతాయనీ, కాళ్ళు సాక్ష్యమిస్తాయనీ యాసీన్ సూరా 65వ ఆయతు హెచ్చరిస్తున్నది. చెల్లెలి వ్రేలు పట్టి అద్దించిన చేయి ఆనాడు ఏమి పలుకుతుంది? అటువంటి కాగితం ఎవరింటనైనా ఉంటే, నేడే ఆమె హక్కు ఆమెకు అప్పగించండి.

అల్లాహ్ మన చేతులను అమానతు కాపాడే చేతులుగా చేయుగాక! ఆమీన్.